పది గంటల గ్లాసు

ల్యాబు నుంచి ఫోను వచ్చినప్పుడు తమ్ముడి చేతులు మోచేతుల దాకా ఎర్రరంగులో ఉన్నాయి. అందుకని ఫోను రంగులక్క ఎత్తింది.

"ఈ నంబరు పేషెంటుదేనా?" అవతల ఒక ఆడగొంతు.

"మా తమ్ముడిదమ్మా. నేను వాళ్ళక్కని."

"ఆయన ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు."

"అంటే... స్పృహలోనే ఉన్నారా?"

రంగులక్క తల తిప్పి చూసింది. తమ్ముడు కాగు మీదికి వంగి, తడినూలు కట్టను వెదురుకర్ర మీదికి ఎత్తుతూ, సగం మాటలు మరిచిపోయిన పాటొకటి గట్టిగా పాడుతున్నాడు.

"స్పృహ లేకపోవడమేంటమ్మా? పాటలు పాడి మా చెవులు తినేస్తున్నాడు."

"ఆయన ఏ పని చేస్తున్నా ఆపమనండి. బరువులు ఎత్తనివ్వకండి, మెట్లెక్కనివ్వకండి. కారు ఏదైనా మాట్లాడుకుని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకురండి. రేపు కాదు, సాయంత్రం కాదు. ఇప్పుడే."

రంగులక్కకి ముందు నవ్వొచ్చింది. ఎవరి రక్తం సీసానో తెచ్చి తన తమ్ముడికి అంటగట్టారనుకుంది. ఆ నవ్వు ఆస్పత్రి గుమ్మం దాకా కూడా నిలవలేదు. అక్కడ చక్రాలకుర్చీ ముందే సిద్ధంగా ఉంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, ఛాతీకి తీగలు తగిలించి, మిషను ఉమ్మేసిన కాగితాన్ని చూసిన డాక్టరు, ఆ కాగితం వంక, తమ్ముడి వంక మూడుసార్లు మార్చిమార్చి చూశాడు.

"ఈయన పొద్దుట్నుంచి పని చేస్తున్నాడా?"

"చేస్తున్నాడండీ."

"పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది ఉందమ్మా. అయిదు దాటకూడదు. ఈ నంబరుతో గుండె ఏ నిమిషమైనా ఆగిపోవచ్చు. చెప్పాపెట్టకుండా. పాట మధ్యలో."

పాట సంగతి ఆయనకి ఎవరు చెప్పారో ఆమెకి అర్థం కాలేదు. తానే చెప్పి ఉంటుంది. ఏం మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు. గోడ పట్టుకుంది. తమ్ముణ్ణి చెయ్యిపట్టి తెచ్చిన ఆమె అరచేయి ముద్ర తెల్లటి గోడమీద ఎర్రగా పడింది.

*

రంగులక్క అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. చేతులు చూసి పెట్టిన పేరది. గోళ్ళ చుట్టూ నీలం, అరచేతి గీతల్లో ఎరుపు, మణికట్టు దగ్గర ఎప్పుడూ పోని పసుపు. చెట్ల బెరళ్ళు, వేర్లు, ఉల్లిపొట్టు ఉడకబెట్టి నూలుకి రంగులద్దే ఇల్లు వాళ్ళది. తాత కాలం నుంచీ అదే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు కాగులు, గాలికి ఊగే నూలు కట్టలు, ఎప్పుడూ కాళ్ళకింద తడి.

ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. తమ్ముడికి అప్పుడు నాలుగు. ఎనిమిదో తరగతి పుస్తకాలు అటక ఎక్కాయి, కాగు కలిపే కర్ర చేతికొచ్చింది. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు. మనిషి ఇంట్లో, మనసు ఎక్కడో. ఆ ఏడు వానాకాలం తమ్ముడికి జ్వరం పట్టుకుంది. తగ్గాక కూడా లేచి నిలబడలేకపోయాడు. ఏది పెట్టినా కక్కేవాడు. మెడ నిలవక తల వాలిపోయేది.

వీధి చివర ఒక వంటశాల ఉండేది, ఫ్యాక్టరీ వాళ్ళకి భోజనాలు వండేది. అక్కడి వంటావిడ కూరగాయలు ఉడకబెట్టి నీళ్ళు తూములో వంపుతుంటే రంగులక్క చూసింది. నోరు తెరిచి అడగడం ఆమెకి చేతకాదు. గిన్నె పట్టుకుని ఆ తూము పక్కన నిలబడింది, అంతే. వంటావిడ చూసి, ఏమీ అనకుండా, ఆ నీళ్ళు గిన్నెలో వంపింది. ఇంటికి తెచ్చి చెంచాతో తాగించింది. కక్కలేదు. రెండోరోజూ కక్కలేదు. ఇరవై రోజులకి తమ్ముడు గోడ పట్టుకుని నడిచాడు. నెల తిరిగేసరికి కాగుల చుట్టూ పరుగులు పెట్టి తన్నులు తిన్నాడు.

అప్పట్నుంచి ఆమెకి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఉడికిన దేంట్లోనైనా బలం నీళ్ళలోనే ఉంటుంది. ఆమె పని కూడా రోజూ అదే చెప్పేది. బెరడు ఉడికితే రంగు నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు అసలు సరుకు. మిగిలిన పిప్పి పెంటకుప్పకి. రంగులవాళ్ళ ఇంట్లో పిల్లలు పిప్పి పారబోసి నీళ్ళు దాచడం నడక నేర్చినంత తొందరగా నేర్చుకుంటారు. ఆ ఇంట్లో నీళ్ళు పారబోసి పిప్పి దాచే మనిషిని ఆమె తన జన్మలో చూడలేదు.

మొన్నమొన్న మరదలు ఆ పని చేసేదాకా.

మరదలు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. పొద్దున ఏడున్నరకి పోతే సాయంత్రమే రావడం. మాట కొంచెం కారం, చేయి మంచిది. ఇరవై ఏళ్ళలో వదినా మరదళ్ళ మధ్య ఒక్క గట్టి మాట కూడా దొర్లలేదు. అందుకు కారణం మరదలు శాంతమేం కాదు. రంగులక్క మాట్లాడకపోవడం.

*

తమ్ముడికి షుగరు పదేళ్ళుగా ఉంది, బీపీ అయిదేళ్ళుగా. కిడ్నీలు పాడవుతున్నాయని కిందటేడు బయటపడింది. ఇంకా మిషను మీద రక్తం శుభ్రం చేసుకునే దశ రాలేదనీ, తిండి సరిచేసుకుంటే ఆ దశని చాలాకాలం ముందుకు నెట్టొచ్చనీ డాక్టరు చెప్పి, తిండి సంగతి చూసే అమ్మాయి దగ్గరికి పంపాడు.

ఆ అమ్మాయికి ముప్ఫై కూడా ఉండవు. బల్లమీద చిన్న తూకం, పక్కన రకరకాల గిన్నెలు, చెంచాలు. అందుకే వీళ్ళు ఆమెకి తూకాలమ్మ అని పేరు పెట్టుకున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు గంటన్నర కూర్చోబెట్టింది. ఏం తింటాడో అడగడానికి ముందు ఎన్నింటికి నిద్ర లేస్తాడు, ఆవిరి దగ్గర ఎంతసేపు నిలబడతాడు, విరేచనం సాఫీగా అవుతుందా, ఏ మాత్ర ఎప్పుడు మింగుతాడు, దేనికి దిగులు పడతాడు, అన్నీ అడిగింది.

"ఇవన్నీ ఎందుకమ్మా? పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అన్నాడు తమ్ముడు.

"సంబంధమే చూస్తున్నానండీ. మీకూ మీ కిడ్నీకీ," అంది తూకాలమ్మ. "ఒక్కో జబ్బుకి ఒక్కో చీటీ ఇస్తే ఆ చీటీలు మీ ఒంట్లో కొట్టుకుంటాయి. అందరికీ ఒకే పట్టిక ఇస్తే అది ఎవరికీ సరిపోదు. మీ రక్తం రిపోర్టు, మీ మాత్రలు, మీ పని, అన్నీ పక్కపక్కన పెట్టుకుని తిండి చెప్పాలి."

ఆరోజు మొదటి దెబ్బ తగిలింది. షుగరుకి మంచిదని పదేళ్ళుగా దండిగా తింటున్న ఆకుకూరలు, టమాటాలు ఇప్పుడు తగ్గించాలట. కిడ్నీకి మంచిదని ఎవరో చెబితే కొన్న మూలికల పొడి ఆపేయాలట. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు.

"మరి తినేదేంటి? గాలా?" అంది మరదలు.

"చాలా ఉన్నాయండీ. ఏ కూరైనా చిన్నముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టండి. కూరలో ఉన్నదంతా నీళ్ళలోకి దిగిపోవాలి. ఎంత దిగితే అంత మంచిది. నీళ్ళు వంపేసి అప్పుడు తాలింపు పెట్టుకోండి."

గదిలో రెండే కుర్చీలు. రంగులక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉన్నదంతా నీళ్ళలోకి దిగాలి అన్నమాట చెవినపడగానే ఆమె మనసు తేలికపడింది. ఈ అమ్మాయికి పని తెలుసు అనుకుంది. ఎక్కువ నీళ్ళు, చిన్నముక్కలు, బాగా దింపడం. అచ్చం బెరడు ఉడికించినట్టే. వంపేసి అంటే వేరే గిన్నెలోకి వంపి అని ఆమె లెక్క. రంగులవాళ్ళకి వంపడమంటే ఇంకేముంటుంది?

మర్నాడు పొద్దున మరదలు కూరలు ఉడికించి, నీళ్ళు ఒక గిన్నెలోకి వార్చి, ఆ గిన్నె పట్టుకుని తూము వైపు నడిచింది. రంగులక్క గుండె గతుక్కుమంది.

"ఇటివ్వమ్మా, నీకు బస్సు పోతుంది. నేను పారబోస్తాలే."

మరదలు గిన్నె ఇచ్చేసి పరుగెత్తింది. రంగులక్క ఆ గిన్నెను చూస్తూ చాలాసేపు నిలబడింది. పిచ్చిపిల్ల, తూకాలమ్మ చెప్పింది తలకిందులుగా అర్థం చేసుకుని, పిప్పి మొగుడికి పెట్టి సారం తూములో పోస్తోంది. చెబితే? ఆడపడుచు తప్పులు పట్టిందనిపించుకోవాలి. ఇరవై ఏళ్ళుగా అనిపించుకోలేదు, ఇప్పుడెందుకు? మాట్లాడకుండా సరిదిద్దే దారి ఉండగా.

రంగు అంటని చిన్న గిన్నె ఒకటి తీసింది. ఇంట్లో ముగ్గురికీ ఉడికిన కూరల నీళ్ళన్నీ అందులో పోసి, సన్నని సెగ మీద ఒక్క గ్లాసుకి దింపింది. పది గంటలకి తమ్ముడు చేతులు కడుక్కుని బోర్లించిన తొట్టిమీద కూర్చుంటే, గ్లాసు అందించి అక్కడే నిలబడింది.

"ఏంటక్కా ఇది?"

"బలం. తాగు. మీ ఆవిడతో అనకు, చిన్నబుచ్చుకుంటుంది."

తాగాడు. మొహం ముడుచుకోబోయి ఆపుకున్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుందక్కా."

అలా మూడు నెలలు. ఒక్కరోజు తప్పలేదు.

*

ఆ మూడు నెలల్లో షుగరు దారికొచ్చింది. బీపీ తగ్గింది. రాత్రి భోజనం పెందలాడే తిని, కాసేపు నడవడం మొదలుపెట్టాక కాళ్ళవాపు కూడా తీసింది. అన్నీ దిగుతుంటే ఒక్క నంబరు మాత్రం ఎక్కుతూ పోయింది. మొదట అయిదు పాయింట్ మూడు. ఆరువారాలకి అయిదు పాయింట్ తొమ్మిది. తూకాలమ్మ ఆ కాగితం చూసి నమ్మలేక మళ్ళీ రక్తం తీయించింది. మళ్ళీ అదే. మాత్రలు చూశారు, ఒకటి మార్చారు. తూకాలమ్మ తినేవాటిలోంచి ఇంకో రెండు కూరలు కొట్టేసింది. ఆ తర్వాతే ఈ ఆరు పాయింట్ ఎనిమిది.

ఇంట్లో అనుమానమంతా తమ్ముడి మీదే పడింది.

"ఈ మనిషి ఎక్కడో అరటిపళ్ళు మింగుతున్నాడు వదినా," అనేది మరదలు. చొక్కా జేబులు తడిమేది. చేతులు వాసన చూసేది. ఒకరోజు షెడ్డు వెనక అరటితొక్క దొరికితే పోలీసులా రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి భోజనం బల్లమీద పెట్టింది. "ఇదేంటి?"

"తొక్క."

"తొక్కని నాకూ తెలుసు. లోపలిది ఏ పొట్టలో ఉంది?"

"వీధిలో నాకొక్కడికే పొట్ట ఉందా?"

"ఉన్నవాళ్ళెవరూ రక్తపరీక్ష రోజు దొంగలా మొహం పెట్టరు."

తమ్ముడు నవ్వేశాడు. మరదలు నవ్వలేదు. ఆ రోజు నుంచి అతనితో మాటలు తగ్గించింది. రంగులక్క కూడా, ఎప్పుడూ లేనిది, తమ్ముణ్ణి పక్కకి పిలిచి అడిగింది. "ఒరేయ్ చిన్నోడా, నిజం చెప్పు. నాకు మాత్రం చెప్పు. దొంగతనంగా ఏమైనా తింటున్నావా?"

"లేదక్కా. నీమీదొట్టు."

తనమీద ఒట్టేసి అబద్ధం చెప్పడని ఆమెకి తెలుసు. అయినా ఆ వారమంతా అతని వెనకే తిరిగింది. వీధిలోకి పోతే గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ కనపడలేదు. రోజూ పది గంటలకి గ్లాసు ఇచ్చింది. ఎవరూ చూడని ఏదో విషం వాడి ఒంట్లోకి పోతోంది, కనీసం దానికి విరుగుడుగా ఈ బలమైనా ఉండాలని ఇంకొంచెం చిక్కగా దింపి ఇచ్చింది.

*

ఆస్పత్రిలో సూదులతో, మందులతో నంబరు ముందు ఆరు కిందికి వచ్చింది. నాలుగు రోజుల్లో అయిదు దగ్గరికి దిగింది. రెండోరోజు రంగులక్క ఫ్లాస్కులో గ్లాసెడు నీళ్ళు పట్టుకెళ్ళింది కానీ, బయటి తిండి కూడదని నర్సు గుమ్మంలోనే ఆపేసింది. తిప్పి తెచ్చుకుంటూ ఆమె ఎంత బాధపడిందో చెప్పలేం. రెండు రోజులుగా వాడికి బలం లేదు కదా అని.

ఇంటికి పంపే ముందు తూకాలమ్మ వార్డుకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. మనిషి నలిగిపోయి ఉంది. "నా చేతిలో ఏదో తప్పు జరుగుతోందండీ. ఇక్కడ మేం పెట్టిన తిండితో నంబరు లేవలేదు. ఇంట్లో లేస్తోంది. మళ్ళీ ఇలా అయితే మనకి ఈసారి దొరికినంత టైము దొరకదు. రేపు పొద్దున మీ వంటగదికి వస్తాను. మీరు రోజూ చేసేదే చేయండి. నేను లేననుకోండి."

మర్నాడు మరదలు పనికి సెలవు పెట్టింది. తూకాలమ్మ ఒక పీట వేసుకుని పొయ్యి ఎదురుగా కూర్చుంది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో చొక్కా వదులైపోయింది.

మరదలు కూరలు చిన్నముక్కలు కోసింది. పెద్దగిన్నెలో ఉడికించింది. వార్చింది. పరీక్ష రాసే పిల్లలా ఒక్కో పనికీ తూకాలమ్మ మొహం చూసింది. తూకాలమ్మ ఉప్పు తూచింది, నూనె చూసింది, ముక్కల్ని వేళ్ళతో నలిపి చూసింది.

"అన్నీ సరిగ్గానే చేస్తున్నారే!" అంది, ఆశ్చర్యంగా, ఇంకొంచెం భయంగా. "తర్వాత?"

"తర్వాతేముంది, నేను బస్సెక్కుతా."

"ఈ నీళ్ళు?"

"వదిన పారబోస్తుంది."

తూకాలమ్మ రంగులక్క వైపు తిరిగింది. రంగులక్క జీవితంలో అంతమంది ఒకేసారి తన వైపు చూడటం అరుదు. చెమట పట్టింది. కానీ ఇదే సమయం అనుకుంది. మరదల్ని తను తప్పు పట్టక్కర్లేదు, తెలిసిన మనిషే ఎదురుగా ఉంది, ఆమె చెబుతుంది. షెడ్డులోకి వెళ్ళి, అంతకుముందే, తెల్లవారగానే తనే వేరుగా ఉడికించి దింపి, మూతపెట్టి చల్లార్చిన గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టింది. నిన్న ఇల్లు చేరాడు కదా, మొదటి రోజే బలం ఆలస్యం కాకూడదని ఆమె ఆత్రం.

"మా మరదలు మంచిది తల్లీ, దాన్నేమీ అనకు. నువ్వు చెప్పిందాంట్లో సగమే చేస్తుంది. మిగతా సగం నేను చేస్తున్నా."

తూకాలమ్మ గ్లాసు మూత తీసింది. ముదురు పచ్చగా, చిక్కగా ఉంది. "ఏంటిది?"

"కూరల్లోంచి దిగిన నీళ్ళు. ముగ్గురివీ కలిపి ఒక్క గ్లాసుకి దింపుతా."

"ఎవరు తాగుతారు?"

"వాడే. పది గంటలకి."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు చెప్పిన మర్నాటి నుంచే తల్లీ. ఒక్కరోజు కూడా మానలేదు."

పొయ్యి మీద గిన్నె చిటపటమంటోంది, మరదలు చేతిలో గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది. తూకాలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రంగులక్క ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. మెచ్చుకోలు కోసం వెతికిన కళ్ళకి ఏ మొహంలోనూ అది దొరకలేదు.

"అమ్మా," అంది తూకాలమ్మ చాలా నెమ్మదిగా. "కూరల్లో పొటాషియం అని ఒక ఉప్పుంటుంది. మంచి కిడ్నీ అయితే దాన్ని బయటికి తోసేస్తుంది. ఈయన కిడ్నీ తోయలేదు. అది రక్తంలో నిలిచిపోయి గుండెని పట్టుకుంటుంది. ఆ ఉప్పు నీళ్ళలోకి దిగిపోవాలనే ఉడికించమన్నాను. ఆయన తినకూడనిదంతా... ముగ్గురి కూరల్లోదీ... ఈ గ్లాసులో ఉంది."

రంగులక్కకి మాటలన్నీ వినపడ్డాయి. అర్థం మాత్రం ఒక్కసారిగా రాలేదు. నూలుకి రంగు పట్టినట్టు అంచుల్నుంచి మెల్లగా లోపలికి పాకింది. తూము పక్కన గిన్నె పట్టుకున్న పద్నాలుగేళ్ళ పిల్ల కనపడింది. చెంచా కనపడింది. తొట్టిమీద కూర్చుని మొహం ముడుచుకోబోయి ఆపుకున్న తమ్ముడు కనపడ్డాడు. తొంభై గ్లాసులు. తన చేత్తో.

"వదినా!" మరదలి గొంతు చీలిపోయింది. "నేను ఈ మనిషి జేబులు వెతికానే! చేతులు వాసన చూశానే!"

"తప్పు నాది," అంది తూకాలమ్మ. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "వంపేయమని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఎందుకో మీకు చెప్పలేదు. నీళ్ళే సరుకైన ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నానని నాకు తట్టలేదు."

రంగులక్క ఎవరికీ జవాబు చెప్పకుండా షెడ్డులోకి నడిచింది.

*

తమ్ముడు వెళ్ళేసరికి ఆమె కాగుల మధ్య తడినేల మీదే కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

"లే అక్కా. నేల తడిగా ఉంది."

"నన్ను ముట్టుకోకురా."

అతను పక్కనే తొట్టి బోర్లించుకుని కూర్చున్నాడు. ఆరేసిన నూలు నుంచి నీలంరంగు చుక్కలు టప్ టప్ మని పడుతున్నాయి.

"నువ్వు తెలిసి చేశావా ఏంటి? ఊరుకో."

"మొహం ముడుచుకునేవాడివి," అంది ఆమె. "రోజూ. నేను చూసేదాన్ని. చేదు అనుకునేదాన్ని."

"అది పరమ చండాలంగా ఉండేదక్కా," అన్నాడు తమ్ముడు నవ్వించడానికి. ఆమె నవ్వలేదు. అతను కాలిబొటనవేలితో నేలమీద తడిని గీస్తూ ఉండిపోయాడు. తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు, "వార్డులో మొదటిరోజే ఆ అమ్మాయి నాకు చెప్పింది, ఆ ఉప్పు నీళ్ళలోకి దిగుతుందని. నువ్వప్పుడు మందులకి కిందికెళ్ళావు. అప్పుడే అనుమానం వచ్చింది," అన్నాడు.

రంగులక్క తలెత్తింది.

"అనుమానం వచ్చిందా?"

"ఆఁ."

"మరి చెప్పలేదే?"

"ఎలా చెప్పను? నువ్వు ఫ్లాస్కు పట్టుకుని రావడం, నర్సు పంపేయడం, నువ్వు కళ్ళు తుడుచుకుంటూ పోవడం కిటికీలోంచి చూశా. నన్ను బతికించింది ఆ నీళ్ళేనని చిన్నప్పట్నుంచి వెయ్యిసార్లు చెప్పావు. అవే చంపుతున్నాయని నీ మొహం మీద చెప్పమంటావా?"

అడగడానికి భయమేసింది. అడగకుండా ఉండలేకపోయింది.

"ఈ రోజు ఆ అమ్మాయి రాకపోతే... నేను గ్లాసు ఇస్తే..."

"తాగేవాణ్ణి."

"తెలిసి కూడా?"

"ఒక్క గ్లాసుకి ఏమవుతుందిలే అనుకున్నా. తర్వాత మెల్లగా మాన్పిద్దామని." తల దించుకున్నాడు. "నువ్వు నిలబడి చూస్తావు కదక్కా. వద్దనడం నాకు రాదు."

ఆరు పాయింట్ ఎనిమిది విన్నప్పుడు కూడా ఆమెకి ఇంత దెబ్బ తగల్లేదు. ఇంతసేపూ తన చేతుల్లో ఉన్నది అజ్ఞానం అనుకుంది. అది కాదు. నలభై నాలుగేళ్ళుగా తను ముందర పెట్టింది ఏదీ వద్దనకుండా పెంచిన మనిషి, చావునిచ్చినా బాగుందక్కా అని తాగేస్తాడు. ఆ సంగతి ఏ రక్తపరీక్షలోనూ రాదు. ఏ డాక్టరూ ఫోను చేసి చెప్పడు.

లేచింది. తమ్ముడి చెంపమీద ఒక్కటిచ్చింది. నలభై ఎనిమిదేళ్ళవాడు, మొన్న గుండె ఆగిపోబోయినవాడు, చెంప పట్టుకుని నోరు తెరిచాడు. గుమ్మంలోకి వచ్చిన మరదలు అక్కడే కొయ్యబారిపోయింది. ఇరవై ఏళ్ళలో వదిన చెయ్యెత్తడం ఆమె చూడలేదు.

"ఇక మీదట నేను పెట్టింది బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. వద్దనుకుంటే వద్దనాలి. నా మొహం మీదే. అలా అయితేనే ఈ ఇంట్లో నా చేత్తో నీకు తిండి. లేకపోతే ఈ రోజునుంచి నేను పొయ్యి ముట్టుకోను."

అంత పొడుగు మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"సరే అక్కా," అన్నాడు తమ్ముడు.

"చూశావా! మళ్ళీ సరే అంటున్నాడు!" అంది రంగులక్క మరదలితో. అప్పుడు ఏడ్చింది.

*

నీళ్ళు పారబోయడం ఆమెకి తేలిగ్గా రాలేదు. మొదటి వారం మరదలే పారబోసింది, రంగులక్క వంటగదిలోంచి లేచి బయటికి పోయేది. రెండోవారం గిన్నె తను అందుకుంది. తూము దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని వంచేసింది. చప్పుడు విని ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత రోజూ తనే. చిన్న గిన్నెని మాత్రం తోమి, బోర్లించి, అటక మీద పెట్టేసింది.

అయిదు వారాలకి రక్తపరీక్ష వచ్చింది. నాలుగు పాయింట్ తొమ్మిది. తూకాలమ్మ ఆ కాగితాన్ని పైకెత్తి ఊపింది. కిడ్నీలు బాగుపడవనీ, మిషను గండం తప్పిపోలేదు, దూరం జరిగిందంతేననీ డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. తమ్ముడు తలూపాడు. ఇంటికొచ్చే దారిలో, రంగులక్క కోసం కొంచెం గట్టిగానే, పాట మొదలుపెట్టాడు. ఆమె గుండె మళ్ళీ ఒకసారి గతుక్కుమంది. పాట మధ్యలో ఆగలేదు. చివరిదాకా, తప్పుల్తో సహా పాడాడు.

ఆ మధ్యాహ్నం మరదలు పనిలో ఉంది. వంట రంగులక్కదే. చిన్నముక్కలు, ఎక్కువ నీళ్ళు, వార్చడం, తూము. తూకాలమ్మ ఇచ్చిన చెంచాతో కొలిచిన నూనె, వేశారా అంటే వేశారన్నంత ఉప్పు. కంచం తమ్ముడి ముందు పెట్టి, అలవాటు చొప్పున పక్కనే నిలబడింది. ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. మింగాడు.

"ఎలా ఉంది?"

"బా..."

ఆగిపోయాడు. ఆమె వంక చూశాడు. పైకి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"బాగాలేదక్కా," అన్నాడు. "అస్సలు బాగాలేదు. గడ్డి నమిలినట్టుంది. తినలేకపోతున్నా."

వాడి నాలుగో ఏటి నుంచి రంగులక్క ఒక్కసారి కూడా విననిది ఆ మాట. తర్వాత వంటగదిలోకి వెళ్ళింది. తూకాలమ్మ ఒప్పుకున్న అరచెక్క నిమ్మకాయ, చిటికెడు మిరియాలపొడి పట్టుకుని తిరిగొచ్చింది. కంచం దగ్గరికి లాక్కుంది. నిమ్మకాయ పిండబోతూ ఆగింది.

"ఏమన్నావు? ఇంకోసారి అను," అంది.